గ్యారేజీలో దొరగారి కారు

మా ఆయనకు పాత కార్ల పిచ్చి పట్టకముందు స్థలాల పిచ్చి ఉండేది. శంషాబాద్ చుట్టుపక్కల తను ఎన్నడూ కాలు పెట్టని ప్లాట్ల గురించి శనివారాలంతా ఫోన్లో మాట్లాడేవాడు. ఆ తర్వాత షేర్లు. ఆ తర్వాత వెండి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, సబ్‌డివిజన్ అని పిలిచే మా కాలనీ మగవాళ్ళకు ఈ జబ్బులన్నీ తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ డిన్నర్లలోనే ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి. ఆడవాళ్ళం వంటింట్లో నిలబడి పిల్లల స్కూళ్ళ గురించి చెప్పుకుంటుంటే, వీళ్ళు హాల్లో పేపర్ ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని ప్రపంచ ఆర్థిక వ్యవస్థను చక్కబెట్టేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ బాగుపడినట్టు నేను చూడలేదు. నష్టపోయానని ఒప్పుకున్నవాడూ లేడు.

పాత కార్ల జబ్బు తెచ్చింది మా ఆయన ఆఫీసులో సీనియర్. హైదరాబాద్ మనిషి. మాకంటే చాలా ముందు అమెరికా వచ్చాడు, గ్రీన్‌కార్డు కూడా వచ్చేసింది. మేమింకా వీసా పొడిగింపుల్లో ఉన్నాం కాబట్టి, ఆయన ఏం చెప్పినా మా ఆయనకు వేదవాక్కే. మా ఇంట్లో బిర్యానీ తింటూ ఒకరోజు ఆయన ఉపదేశం మొదలుపెట్టాడు.

"తమ్మీ, ప్లాట్లు గీట్లు ఇడిచిపెట్టు. ఓల్డ్ బ్రిటిష్ సెలూన్ కార్స్ మీద పెట్టు. వెల్ మెయింటెయిన్డ్ పీస్ ఒక్కటి దొరికిందనుకో, ఏటికేడు వాల్యూ పెరుగుడే. స్టాక్ మార్కెట్ దాని ముంగట ఏం పనికొస్తది?"

సెలూన్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది జుట్టు కత్తిరించే చోటు. నాలుగు తలుపులు, వెనక డిక్కీ ఉన్న మామూలు కారునే ఇంగ్లండులో అలా అంటారని ఆ పూట తెలిసింది.

"అంటే మన అంబాసిడర్ లాంటిదా అన్నయ్యగారూ?" అని రైతా వడ్డిస్తూ అడిగాను.

ఆయన పకపకా నవ్వాడు. "అంబాసిడర్ అంటే టాక్సీ చెల్లె. ఇది హెరిటేజ్."

మా ఆయన అంతకంటే గట్టిగా నవ్వాడు. ఆ అంబాసిడర్ పుట్టిందే ఒక ఇంగ్లీషు సెలూన్ కారులోంచి అని వాళ్ళిద్దరికీ తెలియదు. మా మేనమామ దగ్గర అదే ఉండేది. దాని మీదే నేను తెనాలి కాలవగట్టున డ్రైవింగ్ నేర్చుకున్నాను. చెప్పబోయి ఊరుకున్నాను. నవ్వుతున్న మగవాళ్ళకు ఏదైనా చెప్పడం దండగ.

నాకప్పుడు కావలసింది హెరిటేజ్ కాదు. తిరగడానికి ఒక కారు. ఇక్కడి లైసెన్సు మాత్రం ఎప్పుడో వచ్చి పర్సులో కూర్చుంది. గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన దాన్ని. డిపెండెంట్ వీసా మీద వచ్చాక ఉద్యోగం చేయడానికి వీల్లేదు, చదువుకోవచ్చు. మా దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉందని తెలిసినప్పటి నుంచి నా ప్రాణమంతా దాని మీదే. ఎప్పటికైనా వర్క్ పర్మిట్ వస్తే చేతిలో ఇక్కడి చదువుండాలి. అందులో సీట్లు తక్కువ, ఏడాదికి ఒక్కసారే తీసుకుంటారు, ఎంట్రెన్స్ పరీక్ష క్యాంపస్‌కే వెళ్ళి రాయాలి. ఫ్రిస్కోలో కారు లేని మనిషి ఇంట్లో ఖైదీయే. బస్సు లేదు. ఫుట్‌పాత్ మా సబ్‌డివిజన్ గోడ దాకా వచ్చి, అక్కడి నుంచి గడ్డి.

అంతకుముందు ఏడు పరీక్షకు దింపుతానని పక్కవీధి అక్కయ్య మాటిచ్చింది. ఆ పొద్దున ఆవిడ పిల్లకు జ్వరం. మా ఆయనకు ఆఫీసు. ఫైలు చంకలో పెట్టుకుని ఫుట్‌పాత్ అయిపోయే చోటుదాకా నడిచి, అక్కడ నిలబడి ఏడ్చాను. నా పక్కనుంచి వెళ్ళిన కార్లలో ఒక్కటీ ఆగలేదు, ఆగుతుందని నేనూ అనుకోలేదు. ఆ సాయంత్రం మా ఆయనకు కాస్త జాలేసింది. "వచ్చే ఏడాదికల్లా నీకు సెకండ్ కారు కొంటాను, సరేనా? ప్రామిస్," అన్నాడు. అప్పటి నుంచి దానికోసం నేను ఇంటిఖర్చు ఎలా బిగబట్టానో నాకు తెలుసు.

ఆ డబ్బుతోనే ఆయన హెరిటేజ్ కొన్నాడు.

నాకు చెప్పింది కొన్నాకే. అందులోనూ శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. "నీకోసమేనే ఇది. రెండేళ్ళు ఆగు, వాల్యూ డబుల్ అవుతుంది. అప్పుడు నీకు బ్రాండ్ న్యూ కారు తీస్తాను." నాకోసం కొన్న ఆ కారు నేను ముట్టుకోకూడదన్నది మొదటి షరతు.

అది ఒక ముసలావిడదట. ఆవిడ భర్త మిలటరీలో ఉద్యోగం చేసి, ఇంగ్లండు నుంచి వచ్చేటప్పుడు ఓడలో వేసి తెచ్చాడట. ఆయన పోయాక ఆవిడ దాన్ని ఆదివారాలు చర్చికి తప్ప బయటికి తీయలేదట. ఆవిడా పోయాక మేనల్లుడు అమ్మకానికి పెట్టాడు. మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఈ కథే చెప్పేవాడు. "సింగిల్ ఓనర్. అదీ లేడీ. ఎక్కడికీ తిప్పలేదు, తెలుసా? అందుకే ఇంత వాల్యూ." వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఒక ఆడమనిషి జన్మంతా చర్చి దాటి ఎక్కడికీ వెళ్ళకపోతే వీళ్ళకు అది ధర పెరిగే సంగతి. ఆవిడకు ఎక్కడికైనా వెళ్ళాలని ఉండేదా అని ఒక్కడూ అడగలేదు.

కారు ట్రైలర్ మీద వచ్చింది. వెన్న రంగు, లోపల చెక్క డ్యాష్‌బోర్డు, తోలు సీట్లు. స్టీరింగ్ కుడిపక్కన. గేరు కర్ర స్టీరింగ్ కిందే, అచ్చం మా మామయ్య కారులోలాగే. అది చూడగానే నాకు నవ్వొచ్చింది. మా ఆయనా, ఆయనకు గురువుగారైన ఆ ఆఫీసు సీనియరూ ఇద్దరూ డ్రైవింగ్ నేర్చుకున్నది అమెరికా వచ్చాకే, ఆటోమేటిక్ కార్ల మీద. క్లచ్ అనేది వాళ్ళకు వినికిడి మాత్రమే. ట్రైలర్ తెచ్చినతనే దాన్ని దింపి గ్యారేజీలో పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత స్నేహితుల కుటుంబాలు దర్శనానికి వచ్చాయి. కారులో కూర్చోవాలంటే చెప్పులు బయట విడవాలి. పెద్ద పెద్ద కంపెనీల్లో మేనేజర్లు మా డ్రైవ్‌వేలో బూట్లు విప్పి, సాక్సులతో వెనక సీట్లో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫోటోలు తీయించుకున్నారు.

వాహనపూజ వైభవం చెప్పకపోతే పాపం. గుడికి తీసుకెళ్దామంటే నడిపేవాడు లేడు. అందుకని పంతులుగారినే ఇంటికి పిలిచారు. ఆయన పసుపు తడిపి బానెట్ మీద బొట్టు పెట్టబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పంతులుగారూ, ఒరిజినల్ పెయింట్ అండీ. మరక పడితే వాల్యూ పోతుంది."

"బొట్టు పెట్టకుండా పూజేమిటి నాయనా?"

గురువుగారు ఉపాయం చెప్పాడు. మా వంటింట్లోంచి గిన్నెల మీద కప్పే క్లింగ్‌ఫిల్మ్ చుట్ట తెప్పించి, బానెట్ మీద పరిచి, దాని మీద బొట్టు పెట్టించాడు. కొబ్బరికాయ పక్కింటి ఫెన్స్ దగ్గర కొట్టించారు, నీళ్ళు చిందకుండా. ఇక నిమ్మకాయలు. పులుపు తగిలితే పాత టైర్లు పాడవుతాయని మా ఆయనకు ఎవరో చెప్పారు. నాలుగు నిమ్మకాయలనూ జిప్‌లాక్ సంచుల్లో పెట్టి, జిప్పు బిగించి, చక్రాల కింద సర్దాడు. దిష్టి తీయాల్సిన నిమ్మకాయ మీద వీళ్ళకు నమ్మకముంది. దాని రసం మీద మాత్రం లేదు. పంతులుగారు మొహం అటు తిప్పుకుని మంత్రాలు చదివారు.

ఇప్పుడు కారు కదలాలి, నిమ్మకాయలు నలగాలి. మా ఆయన కొత్త లాల్చీలో స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు. కారు దగ్గింది, ఊగింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

"చోక్ లాగండి. క్లచ్ మెల్లగా వదలండి," అన్నాను. "పోనీ నేను నడపనా?"

"నువ్వా?" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు, ఆడవాళ్ళు కూడా. చివరికి నలుగురు ఇంజనీర్లు వెనక నుంచి తోశారు. సంచులు ఠప్పుమని పేలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన వెంటనే దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, టైర్లను టిష్యూ కాగితంతో తుడిచాడు. ఆ క్షణాన నాకు కోపం కూడా రాలేదు. ఈ మనిషి మాట నమ్మి ఇంతదూరం వచ్చానా అని నన్ను చూసి నాకే అసహ్యమేసింది.

అప్పటి నుంచి గ్యారేజీ దానిది. రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చే పాపిష్టి కారు డ్రైవ్‌వేలో ఎండకు ఎండేది. వసంతంలో ఒక సాయంత్రం వడగళ్ళ వాన వస్తుందని ఫోన్లు మోగగానే మా ఆయన ఇంట్లో ఉన్న బొంతలన్నీ పట్టుకుని గ్యారేజీలోకి పరుగెత్తాడు. కప్పు కింద ఉన్న కారు మీద మా అమ్మ కుట్టిచ్చిన బొంత కప్పి, బయట ఉన్నదాన్ని దేవుడికి వదిలేశాడు. తెల్లారి చూస్తే మా వాడుక కారు నిండా సొట్టలు. "ఇన్సూరెన్స్ ఉందిలే," అన్నాడు. పాత కారు ఇన్సూరెన్సులో డ్రైవర్లుగా ఇద్దరి పేర్లూ రాయించాడని కూడా అప్పుడే తెలిసింది. నా పేరు చేరిస్తే డిస్కౌంట్ ఇచ్చారట. ఆ మాత్రం పనికొచ్చాను.

ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ తెరిచి, అలాంటి కార్లు ఎక్కడెక్కడి వేలాల్లో ఎంతెంతకు పోయాయో చూసేవాడు. ధర పెరిగిన రోజు కూర బాగుందనేవాడు. పెరగని రోజు ఉప్పెక్కువైందనేవాడు. గురువుగారికి ఫోన్ చేసి ఇద్దరూ మురిసిపోయేవాళ్ళు. ఆ మాట నిజమే, ధరలు పెరుగుతున్నాయి. అబద్ధమైతే నాకు కాస్త తృప్తిగా ఉండేది. "అయితే అమ్మేయండి, నా కారు కొనండి," అంటే మాత్రం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాడు. "పెరుగుతున్నప్పుడు ఎవరైనా అమ్ముతారా?" పెరుగుతుంటే అమ్మరు. తగ్గితే అంతకన్నా అమ్మరు. మరి నా కారు ఎప్పుడొస్తుందో ఆ లెక్క ఏ వెబ్‌సైట్లోనూ లేదు. తాళం చెవి దేవుడి గదిలో, పటం ముందు వెండిగిన్నెలో ఉండేది. పటం ముందు వేరే చోటు లేక, రోజూ దాని మీదే పువ్వు పెట్టేదాన్ని.

మళ్ళీ పరీక్ష వచ్చింది. నెల ముందే చెప్పాను. లీవు పెట్టి తనే దింపుతానన్నాడు. ముందురోజు గుర్తు చేస్తే, "ఎన్నిసార్లు చెప్తావే," అని విసుక్కున్నాడు. ఆ పొద్దున నేను తలస్నానం చేసి, ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని బయటికొచ్చేసరికి ఆయన లాప్‌టాప్ బ్యాగు సర్దుకుంటున్నాడు.

"ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ డౌన్ అయింది. నేను కదల్లేను ఈరోజు."

"మరి నా పరీక్ష?"

"నెక్స్ట్ ఇయర్ రాసుకోవచ్చుగా. ఎక్కడికి పోతుంది కాలేజీ?"

ఇంత మాట అని, చొక్కా మడతలు సర్దుకుని, సొట్టల కారెక్కి వెళ్ళిపోయాడు. ఉబర్లు మా ఊరికింకా రాని రోజులవి, టాక్సీకి ఫోన్ చేశాను. ముందురోజు చెప్పాల్సింది, ఇప్పుడైతే మధ్యాహ్నం దాటుతుందన్నారు. అక్కయ్యకు చేశాను, ఆవిడ అప్పటికే పనిలో ఉంది. వంటింట్లో నిలబడ్డాను. ఇంకో ఏడాది, ఇంకో పొద్దున, ఇదే వంటిల్లు, ఇదే జవాబు. అది భరించడం నావల్ల కాదనిపించింది.

దేవుడి గదిలోకి వెళ్ళి దండం పెట్టుకుని, గిన్నెలోంచి తాళం తీసుకున్నాను. చెప్పులతోనే కారెక్కాను. చోక్ లాగి తాళం తిప్పితే రెండుసార్లు గొణిగి మూడోసారికి అందుకుంది. రివర్స్ గేరు ఎక్కడుందో నా చెయ్యికే తెలుసు. గ్యారేజీలోంచి వెనక్కి తీసి వీధిలో తిప్పేసరికి, మా మామయ్య పక్కన కూర్చుని "క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోకే అమ్మాయ్," అంటున్నట్టే ఉంది.

సుఖమైన బండేమీ కాదది. స్టీరింగ్ రుబ్బురోలు తిప్పినంత బరువు. ఏసీ లేదు, టెక్సాస్ ఎండ. కుడిపక్కన కూర్చుని కుడిపక్క రోడ్డు మీద పోతుంటే ఎడమకు తిరిగే ప్రతిచోటా మెడ సాగదీసి చూడాలి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ట్రక్కులో టోపీ ఆయన అద్దం దించి, "బ్యూటిఫుల్ కార్, మేమ్!" అని అరిచాడు. ఇంకో సిగ్నల్ దగ్గర ఒకావిడ ఫోన్ ఎత్తి ఫోటో తీసింది. చెమటతో ముద్దయి, పళ్ళు బిగించి, పరీక్ష టైమ్ దాటిపోతుందేమోనని చస్తున్న నేను ఒక్కరికీ కనబడలేదు. కనబడింది కారే. కాలేజీ పార్కింగ్‌లో ఒక ముసలాయన, "ఏ ఇయర్ మోడల్?" అని వెంటపడ్డాడు. తెలియదని చెప్పి పరుగెత్తాను.

పరీక్ష కంప్యూటర్ మీద. కెమిస్ట్రీ ప్రశ్నలు చూడగానే గుంటూరు క్లాసురూము, బల్లల మీద పిల్లల మొహాలు కళ్ళముందు మెదిలాయి. రాయడం అయిపోగానే అక్కడికక్కడే ఫలితం చెప్పారు. సీటొచ్చింది. కౌంటర్లో అమ్మాయి చెయ్యి కలిపి, "క్లాసులు సోమవారం నుంచి. కంగ్రాచులేషన్స్," అంది. ఎన్నాళ్ళ తర్వాతో ఒకరు నన్ను అభినందించారు. బయటికొచ్చి ఆ తోలు సీట్లో కూర్చుని, గట్టిగా, ఒక్కదాన్నే నవ్వాను.

ఇంటికొచ్చేసరికి డ్రైవ్‌వేలో రెండు కార్లు. మా ఆయనదీ, గురువుగారిదీ. సంగతేమిటంటే, ఆఫీసుకు వెళ్తూ గురువుగారు నన్ను ప్రెస్టన్ రోడ్డు మీద చూశాడు. వెంటనే ఫోన్ కొట్టాడు, "తమ్మీ, నీ అసెట్ రోడ్డు మీద పోతున్నది," అని. ప్రొడక్షన్ డౌన్ అయితే కదల్లేని మనిషి, కారు కదిలిందనేసరికి పరుగెత్తుకొచ్చాడు. నా పరీక్షకు దొరకని సెలవు దానికి నిమిషంలో దొరికింది.

నేను ఇంజన్ ఆపేలోపే ఇద్దరూ చెరో పక్కకూ చేరారు. మా ఆయన ఫోన్‌లో లైటు వేసి, మధ్యాహ్నపు ఎండలో, బంపర్ దగ్గర్నుంచి బంపర్ దాకా చూశాడు. గురువుగారు కిటికీలోంచి తల దూర్చి మీటరు చదివి నిట్టూర్చాడు. "మైలేజ్ పెరిగింది తమ్మీ. మంచిగ చూసుకున్న బండి. చెల్లెకు తెల్వక తీసిందిలే." నేను దిగి పక్కన నిలబడ్డాను. చక్రాలు చూశాడు, అద్దాలు చూశాడు, తలుపు అంచులు వేలితో తడిమాడు. నా మొహం చూడలేదు. అంతా అయ్యాక నడుం నిమురుకుంటూ లేచి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"థాంక్ గాడ్. ఏమీ కాలేదు."

"సీటొచ్చింది," అన్నాను.

ఆయన నా ముందుకు చెయ్యి చాచాడు. "కీ ఇలా ఇయ్యి. ఇక నుంచి దీన్ని లాకర్‌లో పెడతాను."

తాళం చెవి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగాను.

"సోమవారం నుంచి క్లాసులండీ," అని చెప్పి ఇంట్లోకి నడిచాను. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆ చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.